పాంఫిలో ఇచ్చిన ముక్కు

రోక్కరామె ఇటలీలో కొండ మీది ఊరు. ఒకప్పుడు అక్కడ వీధి పొడుగునా రాగి పనివాళ్ళ ఇళ్ళే ఉండేవి. యుద్ధం ముగిసేసరికి పాంఫిలో కొట్టు ఒక్కటే మిగిలింది. ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని నీళ్ళు మోసే, నడుము సన్నని బిందెలు చెయ్యడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అయినా పై ఊళ్ళవాళ్ళకి అతను గుర్తుండిపోయింది బిందెల వల్ల కాదు, ముక్కు వల్ల. అది కనుబొమల మధ్య నుంచి ధీమాగా బయల్దేరి, ఎముక దగ్గర ఒక్క మలుపు తిరిగి, కొస దగ్గర కిందికి వంగేది. పాంఫిలో సందు మలుపు తిరిగితే ముందు ముక్కు వస్తుంది, అతను తర్వాత వస్తాడని ఊళ్ళో హాస్యం. ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వేవాడు పాంఫిలోనే.

ఆ ముక్కు అతనికి తండ్రి నుంచి, తండ్రికి తాత నుంచి వచ్చింది. పాంఫిలోకి ఇద్దరు పిల్లలు. రెండోవాణ్ణి కని భార్య కన్నుమూసింది. ఆ సబాతీనోకి తల్లి పోలికే వచ్చింది, చిన్న ముక్కు, గుండ్రటి మొహం. పెద్దది బెరార్దినా మాత్రం తండ్రిని అచ్చు పోసినట్టుండేది. తల్లి లేని పిల్లకి జడ వెయ్యడం దగ్గర్నుంచి అన్నీ పాంఫిలోనే నేర్చుకుని చేశాడు. రాగి మసి పట్టిన వేళ్ళతో జడ వేస్తే రిబ్బను నల్లబడేది. ఆ పిల్ల ఆ రిబ్బనుతోనే బడికి వెళ్ళేది.

చదువులో చురుకైనది. ఊళ్ళో బడి అయ్యాక, పట్నంలో లాటిన్ చెప్పే బడికి పరీక్ష రాయిస్తే నెగ్గింది. రాగి పనివాడి కూతురికి లాటిన్ దేనికని ఊరు ముక్కు మీద వేలేసుకుంది. పాంఫిలో మాత్రం రోజూ పొద్దున్నే బస్సు దాకా సంచీ మోసుకెళ్ళేవాడు.

తెలుగులో మనిషికీ పక్షికీ ముక్కు ఒకటే మాట. అక్కడ అలా కాదు. పక్షి ముక్కుని బెక్కో అంటారు, మనిషిని ఆ మాటతో పిలిస్తే తిట్టు కిందే లెక్క. పట్నం బడిలో మగపిల్లలు మొదటి వారంలోనే బెరార్దినాకి ఆ పేరు పెట్టేశారు. ఊళ్ళో ఆ ముక్కు అందరికీ అలవాటైనది. ఇక్కడ అదొక వింత. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకుంది. కిటికీ పక్కన కూర్చుంటే పక్క నుంచి కనిపిస్తానని గోడ పక్కకి మారింది.

లాటిన్ చెప్పేది లెల్లి టీచరమ్మ. పెళ్ళి చేసుకోలేదు, పొట్టి మనిషి, గొంతు మాత్రం గంట. ఒకరోజు వెనక బెంచీ నుంచి బెక్కో అన్న మాట ఆమె చెవిన పడింది. కొట్టలేదు, తిట్టలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో అక్విలా అని రాసింది.

"అక్విలా అంటే గద్ద. నలుపు కలిసిన రంగుని అక్విలుస్ అంటారు, దాన్నుంచే ఈ పేరొచ్చిందని కొందరు పండితుల మాట. కాదు, పక్షి పేరే ముందు, రంగు పేరు తర్వాత అని ఇంకొందరు. వాళ్ళ తగువు ఇంకా తెగలేదులెండి. దీనికి చివర ఇనుస్ తగిలిస్తే అక్విలీనుస్ అవుతుంది. కానిస్ అంటే కుక్క, కానీనుస్ అంటే కుక్కది. కోర్వుస్ అంటే కాకి, కోర్వీనుస్ అంటే కాకిది. ఈ ఇనుస్‌కి పనులు రెండు. ఫలానాదాని లాంటిది అని చెబుతుంది. ఫలానాదానికి చెందినది అని కూడా చెబుతుంది. రెండోది మర్చిపోకండి."

ఆ తర్వాత రోమన్ సైన్యం సంగతి చెప్పింది. ప్రతి దళానికీ ఒక గద్ద బొమ్మ ఉండేదనీ, కర్ర కొసన పెట్టి ముందు నడిపించేవాళ్ళనీ, అది శత్రువు చేతిలో పడితే దళం మొత్తానికీ తలవంపులనీ చెప్పింది. చివరికి సుద్దముక్క బెరార్దినా వైపు చూపించి, "ఈ పిల్లది అక్విలీనో ముక్కు. బెక్కో కాదు. రోములో పాలరాతి బొమ్మలు చూడండి, సగం మంది మహారాజులకి ఇదే ముక్కు," అంది.

తరగతి మొత్తం ఒక్కసారిగా బెరార్దినా వైపు తిరిగింది. గోడ పక్కన కూర్చున్నా దాక్కునే చోటు లేకపోయింది.

లెల్లి టీచరమ్మ మంచి మనసుతోనే చెప్పింది. ఆ మంచి ఎంతసేపో నిలవలేదు. లాటిన్ నేర్చుకునే పిల్లలకి విభక్తులు వల్లించడం రోజూ ఉండే పనే కదా. మర్నాడు బస్సు ఆగే చోట మగపిల్లలు వరసగా నిలబడి, అక్విలీనా, అక్విలీనె, అక్విలీనె, అక్విలీనమ్ అని పాట అందుకున్నారు. బెక్కో అన్నప్పుడు అది వీధి తిట్టు. ఇప్పుడు దానికి వ్యాకరణం తోడైంది. ఆ బడిలో ఉన్న మూడేళ్ళూ ఆ పాట ఆమె వెంట వచ్చింది.

ఇంటికెళ్ళి తండ్రితో చెప్పుకుంటే అతను సుత్తి పక్కన పెట్టి నవ్వాడు. "గద్ద అన్నారా? మంచిదే కదే. కోడి అనలేదు, సంతోషించు." ఆమె నవ్వలేదు. అది అతను గమనించలేదు.

బడి అయ్యాక కుట్టుపని నేర్చుకుంది. ఇరవై నిండకుండానే రోముకి వెళ్ళి, పెళ్ళిబట్టలు కుట్టే ఒక పెద్ద దుకాణంలో చేరింది. చేతిపని బాగుండటంతో త్వరలోనే ఆమెను కొలతలు సరిచూసే గదిలో పెట్టారు. ఆ గదిలో మూడు నిలువుటద్దాలు రెక్కల్లా నిలబెట్టి ఉండేవి. రోక్కరామె ఇంట్లో అరచేతిలో పట్టేంత అద్దం ఒకటుండేది, అందులో మొహం ఎదురుగా తప్ప కనిపించేది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని పెళ్ళికూతురి పావడా అంచుకి గుండుసూదులు గుచ్చుతూ తలెత్తితే, తన మొహం పక్కవాటుగా రెండు వైపుల నుంచీ కనిపించింది. తన ఎదుట తండ్రి మొహమే కనిపించింది. మగవాడికి అందంగా ఉన్నదేదో తన దగ్గర దారితప్పి వచ్చినట్టు అనిపించింది.

అక్కడికి వచ్చే పెద్దింటి ఆడవాళ్ళ మాటల్లోనే ఆమెకి ఒక డాక్టరు పేరు తెలిసింది. ఆయన ముక్కులు సరిచేస్తాడట. ఎవరికీ చెప్పకుండా కూడబెట్టింది. ఎవరికీ చెప్పకుండా చేయించుకుంది. పనిచేసే చోట మెట్ల మీద పడ్డానంది. కట్లు విప్పి, వాపు దిగాక అద్దంలో చూసుకుంటే చిన్న, తిన్నని, ఎవరిదో తెలియని ముక్కు ఒకటి మొహం మీద ఉంది. ఆ రోజు ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఆ సంతోషం అబద్ధం కాదు. ఆ సంవత్సరమే పేరు కూడా కత్తిరించుకుంది. రోములో అందరికీ ఆమె దీనా.

ఈస్టరుకి ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా మనసులో అనుకుంటూనే ఉంది, నాన్న ముందు కోప్పడతాడు, తర్వాత నవ్వేస్తాడని. పాంఫిలో తలుపు తీశాడు. చూశాడు. చాలాసేపు చూసి, చేతిలో సంచీ అందుకుని, "లోపలికి రా అమ్మా, చలిగా ఉంది," అన్నాడు. అంతే. కోపం లేదు, నవ్వూ లేదు.

సబాతీనో అప్పటికి పదహారేళ్ళవాడు. వాడే నోరు విప్పి, "అక్కా, నీ మొహం ఏం చేశావే?" అన్నాడు. తండ్రి వాణ్ణి కళ్ళతోనే ఆపేశాడు. పక్కింటివాళ్ళు జున్ను కూరి కాల్చిన ఫియాదోనీలు తెచ్చి ఇచ్చారు. భోజనానికి కూర్చున్నారు. అప్పుడు బెరార్దినా చూసింది. తండ్రి ఎడమ చెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకుని తింటున్నాడు. జలుబు చేసిందేమో అనుకుంది. మర్నాడు చర్చికి వెళ్ళేటప్పుడు కూడా, ఆమె పక్కన నడుస్తున్నంతసేపూ చేతిరుమాలు మొహానికి పెట్టుకునే ఉన్నాడు. ఎవరి ఎదుటైనా తలెత్తి నిలబడే మనిషి కూతురి పక్కన మొహం దాచుకుని నడిచాడు. తను బడిలో నేర్చుకున్న అదే చేష్ట ఇప్పుడు అతను చేస్తున్నాడు.

బయల్దేరే పొద్దున్న కొట్టులో కొలిమి రాజేస్తూ అతనే ఎత్తాడు. "అంత బాధపెట్టిందా తల్లీ, ఆ ముక్కు నిన్ను?"

ఆమె సంచీ చేతికి తగిలించుకుంది.

"నాకు తెలియలేదమ్మా. నువ్వు చెప్పుకున్నప్పుడు నేను నవ్వాను. ఇచ్చినవాణ్ణి నేను కదా, నేనెలా నవ్వానో." కొలిమి ఊది, "ఇప్పుడు బావున్నావు. రోములో పిల్లల్లా ఉన్నావు," అన్నాడు.

తిట్టి ఉంటే ఎదురు తిరిగి ఏడ్చేది, అంతటితో పోయేది. అతను క్షమాపణ చెప్పాడు. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. బస్సెక్కింది.

కుట్టుపనికి కళ్ళు లాగుతుంటే, ఏడాది తర్వాత కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళింది. ఆ దుకాణం ఫుల్వియోది. నెమ్మదైన మనిషి, వేళ్ళు కూడా నెమ్మదైనవే. జోడు ఆమె ముక్కు మీద పెట్టి, దూలం మీద బొటనవేలు ఒక్క క్షణం ఆనించి, కొక్కేలు సరిచేశాడు. జోడు వదులైందని ఆమె నాలుగైదు సార్లు వెళ్ళింది. నిజానికి అది వదులవలేదు. ఆ తర్వాత పెళ్ళి మాట వచ్చింది. ముక్కు సంగతి మాత్రం ఆమె అతనికి చెప్పలేదు.

పెళ్ళికి తండ్రిని పిలవడానికి ఊరెళ్తే పాంఫిలో సంతోషించాడు. సబాతీనోకి కొత్త బూట్లు కొనాలన్నాడు. తన మాట వచ్చేసరికి మాత్రం చూపు తిప్పుకున్నాడు. "నేను రానులే తల్లీ. వాళ్ళు నా మొహం చూసి నీ మొహం చూస్తారు. చూస్తే తెలిసిపోతుంది. నీకెందుకు ఆ తలనొప్పి? నాన్నకి జ్వరం అని చెప్పు."

కాదు నాన్నా, నువ్వు రావాల్సిందే అని ఆమె అనాలి. అనడానికి నోరు తెరిచింది కూడా. ఆ నోట్లోంచి వచ్చింది, "పోనీ, తర్వాత వస్తావులే," అన్న మాట. అతను తలూపాడు. తను అడగకుండానే తండ్రి తన గుట్టు కాపాడుతున్నందుకు ఆ క్షణంలో ఆమెకి గుండె తేలికపడింది. ముందు ముందు ఆమెను ఎక్కువ కాల్చింది ఆ తేలికే.

తర్వాత అన్నీ జ్వరాలే. ఒకసారి మోకాలి నొప్పి, ఒకసారి దారిలో మంచు. ఫుల్వియో ఒక వేసవిలో పట్టుబట్టి ఆమెను తీసుకుని రోక్కరామె వెళ్తే, గొర్రెల కాపరులకి పాల గిన్నెలు బాగుచెయ్యాలంటూ పాంఫిలో ముందురోజే కొండెక్కేశాడు. సబాతీనో ఒక్కడే బావగారికి ద్రాక్షసారా పోసి మర్యాద చేశాడు. తిరిగి వస్తూ ఫుల్వియో బస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

కూతురు మార్జియా పుట్టిన నెలలో ఒక ఆదివారం, వాటాల ఇంటి కాపలా ఆవిడ మెట్లెక్కి వచ్చి, అరచేతి ఎత్తున్న రాగి బిందె ఒకటి ఇచ్చింది. కొండల వైపు నుంచి వచ్చినట్టున్నాడు, టోపీ పెట్టుకున్న పెద్దాయన, ఇంట్లో ఫుల్వియోగారు ఉన్నారా అని అడిగాడు, ఉన్నారంటే ఇది పాపకి ఇవ్వమని వెళ్ళిపోయాడు అని చెప్పింది. బెరార్దినా కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వీధి చివర ట్రాము ఆగే చోటుకి నడుస్తూ తండ్రి వీపు కనిపించింది. అంత దూరం పొద్దున్నే బయల్దేరి వచ్చినవాడు మంచినీళ్ళైనా తాగకుండా వెళ్తున్నాడు. పిలిస్తే వినపడే దూరమే. పిలిస్తే ఫుల్వియో కూడా కిటికీ దగ్గరికి వస్తాడు. ఆమె పిలవలేదు. ట్రాము వచ్చింది, వెళ్ళింది. బిందె ఎవరిచ్చారని ఫుల్వియో అడిగితే, ఊరివాళ్ళెవరో తెచ్చారంది.

మార్జియాకి నాలుగేళ్ళప్పుడు, చలికాలంలో, పాంఫిలో పోయాడు. ఊళ్ళో సారా దుకాణం టెలిఫోను నుంచి సబాతీనో కబురు చెప్పాడు. మామగారిని ఒక్కసారైనా చూడలేదు, చివరిచూపుకైనా వస్తానని ఫుల్వియో కోటు తొడుక్కున్నాడు. వద్దనడానికి కారణం దొరకలేదు. అతను పాపని తన తల్లి ఇంట్లో దింపడానికి వెళ్ళినప్పుడు బెరార్దినా మళ్ళీ ఊరికి టెలిఫోను చేసింది. తమ్ముణ్ణి పిలిపించి, మేం వచ్చేలోపు పెట్టె మూత బిగించెయ్యమంది.

"నాన్నని చూడవా అక్కా?" అన్నాడు సబాతీనో.

"బిగించెయ్యి," అంది.

వెళ్ళేసరికి మూత బిగించి ఉంది. ఫుల్వియో టోపీ తీసి, పైన్ చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఊళ్ళో ప్రతి మనిషీ వచ్చాడు. ముక్కూ మొహం తెలియని పక్క ఊళ్ళవాళ్ళు కూడా తమ ఇంటి బిందె పేరు చెప్పుకుని ఏడ్చారు. కూతురికి మాత్రం చెక్క తప్ప ఏమీ కనిపించలేదు. సమాధి రాళ్ళకి చనిపోయినవాళ్ళ ఫొటో గుండ్రంగా పింగాణీలో పొదగడం అక్కడి ఆచారం. ఆ రాయికి అది కూడా వద్దంది. సబాతీనో అలాగే చేశాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అక్కతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

చిన్నపిల్లల ముక్కులు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పన్నెండు నిండి పదమూడో ఏట మార్జియా మొహం సాగడం మొదలైంది. కనుబొమల మధ్య నుంచి ధీమాగా బయల్దేరి, ఎముక దగ్గర మలుపు తిరిగి, కొస కిందికి. ఒకరోజు పిల్ల నిద్ర లేచి వంటింట్లోకి వస్తే బెరార్దినా పాలగిన్నె దించి అటు తిరిగిపోయింది.

ఫుల్వియో తల్లి ఎల్వీరా నోరున్న మనిషి. మొదట్లో ఊరికే చూసేది. తర్వాత ఆదివారం భోజనాల దగ్గర చురకలు మొదలయ్యాయి. మార్జియాకి పదిహేనేళ్ళప్పుడు, పళ్ళెంలో దుంపకూర వడ్డిస్తూ అనేసింది. "మా ఇంటా వంటా లేని ముక్కమ్మా ఇది. నీకూ లేదు, వాడికీ లేదు. మరి ఎక్కడ్నుంచి తెచ్చావో నీకే తెలియాలి, దీనా."

ఆ మాటకి అర్థం ఏమిటో బల్ల దగ్గర అందరికీ తెలుసు. పదిహేనేళ్ళ పిల్లకి కూడా. మార్జియా తల్లి వైపు తిరిగింది. ఆ వారమే బడిలో లాటిన్ మాట ఒకటి వచ్చిందట. అక్విలీనుస్, గద్దకు చెందినది, గద్ద లాంటిది అని టీచరు చెప్పిందట. "లాంటిది అంటే తెలుసు. అద్దంలో కనిపిస్తోందిగా. చెందినది అంటే ఎవరికి చెందినదమ్మా? చెప్పు. నాది ఎవరి ముక్కు?" అంది.

బెరార్దినా కళ్ళెత్తలేదు. లెల్లి టీచరమ్మ మర్చిపోకండి అన్న రెండో సంగతి ఇన్నేళ్ళకి కూతురి నోట విన్నది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "ఏమో, మీ నాన్న వాళ్ళ ముత్తాతది అయ్యుంటుంది," అంది.

ఎల్వీరా ఒక నవ్వు నవ్వింది. ఫుల్వియో చెంచా కింద పెట్టాడు. తల్లికి ఎన్నడూ ఎదురు చెప్పనివాడు. "అమ్మా, చాలు. అది దీనా ముక్కే. పిల్లకి తల్లి ముక్కు వచ్చింది," అన్నాడు. ఇంకెవరూ ఏమీ తినలేదు.

ఎల్వీరా వెళ్ళాక బెరార్దినా అతని ఎదుట నిలబడింది. ఎప్పట్నుంచి తెలుసని అడిగింది.

"మొదటిరోజు నుంచీ. జోడు పెట్టినప్పుడు వేలికి తగిలింది. ఆకురాయితో గీసినట్టు ఎముక చదునుగా ఉంది. పొద్దస్తమానం ముక్కులతోనే కదా నా పని."

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"నువ్వు చెప్పుకోనిది నేనెలా అడుగుతాను? దెబ్బ తగిలి చేయించుకున్నావేమో, తలుచుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను. నాకు దాంతో ఏం పట్టింపు లేదు దీనా. ఎప్పుడూ లేదు."

అప్పుడు ఆమె చెప్పింది. పెళ్ళినాటి జ్వరం, కొండెక్కిన వేసవి, ట్రాము దగ్గర వీపు, చివరికి పెట్టె మూత. ఫుల్వియో వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "మీ నాన్నకి నేనంటే గిట్టదనుకున్నాను," అన్నాడు. "రోము వ్యాపారికి పిల్లనివ్వడం ఇష్టం లేక మొహం చాటేస్తున్నాడనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను. కోపం కూడా వచ్చింది ఆయన మీద. పోయినప్పుడు సరిగా ఏడవను కూడా లేదు."

దాచడానికి ఏమీ లేని చోట ఆమె ఇన్నేళ్ళు దాచింది. తెలిసినవాడి దగ్గర తెలియకూడదని తండ్రిని గుమ్మం బయట నిలబెట్టింది. ఇది ఫుల్వియో తప్పు కాదు, తండ్రి తప్పు అసలే కాదు. ఎవరి మీదికైనా తోసేద్దామని ఎంత వెతికినా చివరికి తన దగ్గరికే వచ్చి ఆగేది.

తలుపు దగ్గర నిలబడి మార్జియా అంతా విన్నది. తల్లి తననీ ఆపరేషను చేయించుకోమంటుందేమో, లేకపోతే వద్దని బతిమాలుతుందేమో అని ఎదురుచూసినట్టుంది. బెరార్దినా రెండూ అనలేదు. ఆ పిల్లే అంది, అరవకుండా, మెల్లగా. "ముక్కు సంగతి నాకనవసరం అమ్మా. నీ ముక్కు నీ ఇష్టం. కానీ మా తాత కింద వీధి దాకా వచ్చాడు. నా కోసం వచ్చాడు. నువ్వు పైకి పిలవలేదు. నాకు తాతని చూపించలేదు."

మార్జియా కొన్ని నెలలు తల్లితో ముభావంగానే ఉంది. తర్వాత మాటలు మొదలయ్యాయి. మునుపటిలా మాత్రం కాలేదు. పిల్లలు క్షమిస్తారు, అయితే క్షమించినట్టు తెలిసిపోయేలా క్షమిస్తారు.

ఆ సెలవుల్లో మార్జియా ఒక్కతే రోక్కరామె వెళ్ళింది. సబాతీనో మేనకోడల్ని వీధిలోనే చూసి, చేతిలో బుట్ట నేల మీద పెట్టేసి నిలబడిపోయాడట. కొట్టు తాళం తీసి తాత సుత్తులు చూపించాడు. ఒక ఫొటో కూడా ఇచ్చాడు. సైన్యంలో ఉన్నప్పుడు తీయించుకున్నది, టోపీ కింద ముక్కు తప్ప ఏమీ కనపడదు. ఇద్దరూ కలిసి దాన్ని పింగాణీలో పొదిగించి సమాధి రాయికి అతికించారు. బెరార్దినాని అడగలేదు. అడగకపోవడమే న్యాయమనిపించి ఆమె కూడా ఏమీ అనలేదు.

నవంబరులో చనిపోయినవాళ్ళ పండగకి తల్లీకూతుళ్ళు కలిసి వెళ్ళారు. తెల్ల చామంతులు పట్టుకుని బెరార్దినా రాయి ముందు నిలబడింది. చివరిసారి చూడకుండా తనే మూత వేయించిన మొహాన్ని చూసింది. పువ్వులు కింద పెట్టి, రాయి మీద పడ్డ ఆకులు చేత్తో తుడిచింది.

పక్క సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తున్న ముసలావిడ ఒకామె నడుము పట్టుకుని లేచి, మార్జియాని చూసి మొహం విప్పారించుకుంది. "పాంఫిలో మనవరాలివి కదూ? నాకెవరూ చెప్పక్కర్లేదు తల్లీ, ఆ మొహమే చెబుతోంది. మా ఇంట్లో ఇప్పటికీ మీ తాత బిందెతోనే నీళ్ళు," అని పిల్ల బుగ్గలు రెండు చేతులా పట్టుకుంది. ఆ తర్వాత బెరార్దినా వైపు తిరిగి మర్యాదగా, "మీరు రోము నుంచి వచ్చారా అమ్మా?" అని అడిగింది.

"నేను పాంఫిలో కూతుర్ని. బెరార్దినాని," అంది ఆమె.

ముసలావిడ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఎక్కడా ఏదీ దొరకనట్టు, మళ్ళీ మార్జియా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు.

"అవునండీ, మా అమ్మే," అంది మార్జియా.

"అలాగా," అంది ముసలావిడ, నొప్పించకూడదన్నట్టు, కొవ్వొత్తి దగ్గరికి తిరిగి వంగుతూ.